ఆనవాళ్లు: లండను నగరమున ఒక పాత శిశుగృహము

దూరదేశము పోయి వచ్చినవారు అచటి రాజభవనములను, వంతెనలను, గడియారపు గోపురములను వర్ణించుట వాడుక. లండను నగరమును గూర్చి అట్టి వర్ణనలు మీరు పెక్కు చదివియుందురు. మేమును వానినెల్ల చూచితిమి. కాని యిల్లు చేరి నెలలు గడచిన పిమ్మట కన్నులు మూసికొన్నచో మాకు కానవచ్చునది ఒక గాజుపెట్టె. అందులో అరిగిన నాణెములు, తెగిన పట్టునాడాలు, కుట్టుపనివారు వ్రేలికి తొడుగుకొను అంగుస్తానము, కుంకుడుకాయంత గింజ పెంకు ఒకటి. వీనికి వెల లేదు. అయినను వీనిని చూచుటకై దేశదేశముల స్త్రీలు వచ్చి, మాటలాడక నిలువబడి, కన్నులొత్తుకొని పోవుచున్నారు. ఆ గాజుపెట్టె కథయే నేడు మీకు విన్నవింపదలచితిమి.

మావారు పాఠశాలలో చరిత్ర బోధింతురు. వారి తమ్ముడు లండనులో ఉద్యోగము చేయుచుండుటచే వేసవి సెలవులలో మేమిద్దఱము అచటికి పోవుట తటస్థించినది. బయలుదేరుటకు ముందు మావారు పద్దెనిమిదవ శతాబ్దపు బ్రిటిషు చరిత్రనుండి ముఖ్య సంవత్సరముల పట్టిక యొకటి వ్రాసి మా చేతికిచ్చిరి. 1707 లో ఇంగ్లండు స్కాట్లండు రాజ్యములు ఒక్కటియగుట. 1714 లో హానోవరు వంశపు జార్జి సింహాసనమెక్కుట. 1720 లో దక్షిణసముద్రపు కంపెనీ వాటాలు కూలి వేలకొలది కుటుంబములు నష్టపోవుట. 1745 లో స్టూఅర్టు రాకుమారుని తిరుగుబాటు. 1757 లో ప్లాసీ. 1776 లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన. మేము బడికి పోయి చదివినవారము కాము. తాతగారి యొద్ద భారత భాగవతములును, కొంత కాళిదాసును చెప్పుకొన్నవారము. పట్టిక చదివి, "ఏమండీ, ఈ నూఱేండ్లలో ఆ దేశమున ఆడువారు లేరా?" అని యడిగితిమి. వారు నవ్వి, "ఏల లేరు? మొదటనే ఆన్ రాణి యున్నదిగదా" అనిరి.

ఆన్ రాణి కథ విన్నప్పుడు మాకు నవ్వు రాలేదు. ఆమె పదునేడుమాఱులు గర్భము ధరించెను. ఒక్క బిడ్డయు ఆమెకు మిగులలేదు. పదునొకండేండ్లు బ్రతికిన కుమారుడును 1700 లో చనిపోయెను. రాణికి వారసులు లేకపోవుటచేతనే 1714 లో ఆమె మరణింపగా జర్మనీనుండి మొదటి జార్జిని పిలిపించుకొనవలసి వచ్చినది. పట్టికలో "వంశము మాఱెను" అను ఒక్కమాట వెనుక ఒక తల్లి ఖాళీయైన ఒడి యున్నది. ఆనాటి నుండి ఆ పట్టికలోని ప్రతి సంవత్సరము వెనుకను ఎవరి ఒడి యున్నదో యని వెదకుట మాకలవాటైనది.

ముందుగా మావారి కోరిక చొప్పున వెస్ట్‌మినిస్టరు మహామండపము చూచితిమి. మన దేశమున గవర్నరు జనరలుగా నుండిన వారన్ హేస్టింగ్సును 1788 లో ఈ మండపముననే విచారణకు నిలిపిరి. ఎడ్మండు బర్కు మొదలైనవారు నేరములు మోపిరి. విచారణ ఏడేండ్లు సాగి, 1795 లో ఆయన నిర్దోషియని తీర్పు వచ్చినది. మొదటి దినములలో చీట్లు సంపాదించి ఈ వాదము వినుటకు ప్రభువుల యిండ్ల స్త్రీలు గుంపులుగా వచ్చిరట. పై కప్పు దూలములు చూచుచు మావారు చాలసేపు కదలలేదు. మా మఱది కూతురు, ఆఱేండ్ల పాప, "పెద్దమ్మా, ఆడుకొనుటకు ఎప్పుడు పోదము?" అని కొంగు లాగజొచ్చినది. "పార్కు దగ్గఱ ఒక మ్యూజియము కూడ ఉన్నది, మీకు నచ్చునేమో" అని మా తోడికోడలు చెప్పగా భూగర్భపు రైలెక్కి రస్సెల్ స్క్వేర్ స్టేషనులో దిగి, కొలది దూరము నడచి ఆ యాటస్థలము చేరితిమి.

దాని పేరు కోరమ్స్ ఫీల్డ్స్. ఏడెకరముల పచ్చికబయలు. చుట్టును నగరము హోరుమనుచున్నను లోపల పిల్లల కేకలే వినబడును. ద్వారముకడ నొక వింత నియమము గలదు. పెద్దవారు పిల్లలు వెంటలేనిదే లోనికి రాగూడదు! ఎంతటి అధికారియైనను ఒక బిడ్డ చేయి పట్టుకొనియే గడప దాటవలెను. మా పాప మా యిద్దఱి చేతులు పట్టుకొని, మమ్ము తానే లోనికి గొనిపోవుచున్నట్లు గర్వముగా నడచినది. ఇట్టి నియమమేలయని యడుగగా, ఈ నేల ఒకప్పుడు తల్లులు విడిచిన బిడ్డలు పెరిగిన నేల యని తెలిసినది. ఇచట నుండిన సంస్థపేరు ఫౌండ్లింగ్ హాస్పిటల్. హాస్పిటలనగా ఇచట వైద్యశాల గాదు. ఆశ్రయమిచ్చు ఇల్లని ఆనాటి యర్థము. ఆ సంస్థ 1926 లో నగరము విడిచి పోయినది. పెద్ద భవనములు పడగొట్టబడినవి. స్తంభముల వరుసలు మాత్రము ఇరుప్రక్కల నిలిచియున్నవి. బయలు పిల్లల కొఱకు దక్కినది. ఆవలనే బ్రన్స్‌విక్ స్క్వేర్‌లో దాని చరిత్రను దెలుపు ఫౌండ్లింగ్ మ్యూజియము గలదు.

మ్యూజియము వెలుపల టామస్ కోరమ్ విగ్రహమున్నది. ఈయన ఓడ నాయకుడు. పెద్ద చదువు చదివినవాడుగాడు. అమెరికాలో ఓడలు కట్టించి, వయసు మీఱి లండను చేరెను. ప్రొద్దుట చీకటితో నగరమునకు పోవునపుడును, సాయంకాలము మరలునపుడును త్రోవప్రక్కల పాఱవేయబడిన పసికందులు ఆయన కంటబడుచుండిరి. కొందఱు చనిపోయి, కొందఱు చనిపోవుచు. అది ఎట్టి కాలమో చిత్రకారుడు హోగార్తు 1751 లో అచ్చువేసిన "జిన్ లేన్" అను చిత్రము చూచిన తెలియును. చౌకయైన జిన్ సారాయి త్రాగి మైమఱచిన తల్లి చేతులనుండి బిడ్డ మెట్లక్రిందికి జాఱుచున్నట్లు ఆయన చిత్రించెను. ఆ యేడే సారాయి అమ్మకమును అదుపుచేయుటకు చట్టము వచ్చినది. కాని బిడ్డలను విడిచిన తల్లులందఱు త్రాగుబోతులు గారు. ఎక్కువమంది పనిమనుషులు, కూలిపని చేసికొనువారు, సైనికులను నావికులను నమ్మినవారు. బిడ్డ కలిగినచో పనిపోవును. పనిలేనిచో ఇద్దఱికిని ఆకలి.

కోరమ్ పదునేడేండ్లు గడపగడపకు తిరిగెను. ఇట్టి యిల్లు కట్టినచో దుర్నీతికి ప్రోత్సాహమగునని పెద్దలు మొగము చాటుచేసిరి. మొదట ఆయన మాట విన్నది స్త్రీలు. 1729 లో సోమర్సెట్ డచెస్సు అర్జీపై మొదటి చేవ్రాలు చేసెను. మొత్తము ఇరువది యొక్కమంది గొప్పయింటి స్త్రీలు చేవ్రాళ్లు చేసిరి. భార్యలు ముందుకు రాగా భర్తలు వెనుక వచ్చిరి. 1739 వ సంవత్సరము అక్టోబరు 17 వ తేదీన రెండవ జార్జి రాజు శాసనపత్ర మొసగెను. అయితే, సోదరీమణులారా, ఒక్కమాట: సంస్థను నడుపుటకు ఏర్పడిన పాలకవర్గమున స్త్రీలకు చోటు లేదు. చేవ్రాలునకు స్త్రీ కావలెను; అధికారమునకు మాత్రము పురుషుడే. కోరమునకును సుఖము దక్కలేదు. తోటి పాలకులతో విరోధము వచ్చి 1742 లో ఆయనను తొలగించిరి. పిల్లలు లేనివాడు, ధనము కూడబెట్టుకొననివాడు. ముసలితనమున ఆ యాశ్రమపు స్తంభముల నీడలో కూర్చుండి, పిల్లలకు అల్లపు రొట్టెలు పంచిపెట్టుచు కన్నీరు విడుచుచుండువాడని చెప్పుదురు. 1751 లో చనిపోగా ఆయన కోరికచొప్పున ఆ ప్రార్థనాలయముననే పాతిపెట్టిరి.

తలుపులు తెఱచినది 1741 వ సంవత్సరము మార్చి 25 వ తేదీ రాత్రి. అపుడు సొంత భవనము లేదు. హాటన్ గార్డెను వీధిలో అద్దెయిల్లు. ఆ దేశమున ఆ కాలమునందు సంవత్సరాది మార్చి 25 వ తేదీయే యని మావారు చెప్పిరి. 1752 లో పంచాంగము సవరించి, సెప్టెంబరులో పదునొకండు దినములు వదలివేసి, జనవరి మొదటి తేదీని సంవత్సరాది చేసిరట. కాబట్టి ఉగాదినాటి రాత్రివలె నుండవలసిన రాత్రి యది. వచ్చిన తల్లుల మొగములు ఎవ్వరికిని తెలియకుండుటకై వాకిట దీపము లార్పివేసిరి. నడిరేయిలోగా ముప్పదిమంది బిడ్డలు చేరి చోటు నిండినది. బిడ్డను విడిచిపోవు తల్లుల యేడ్పును, విడుచుటకు చోటు దొరకక మరలిపోవు తల్లుల యేడ్పును ఒకదానికొకటి తీసిపోలేదని ఆనాటి సంస్థ వ్రాతలు చెప్పుచున్నవి.

చోటుకంటె బిడ్డలెక్కువ యగుటచే 1742 నుండి ఒక పద్ధతి పెట్టిరి. తల్లులను బల్లలపై వరుసగా కూర్చుండబెట్టి, ఒక సంచిలో చేయిపెట్టి గోళి తీయుమనుచుండిరి. తెల్లని గోళి వచ్చినచో బిడ్డను పరీక్షించి తీసికొందురు. ఎఱ్ఱగోళి వచ్చినచో వేచియుండవలెను. నల్లగోళి వచ్చినచో బిడ్డతో బయటికి. దీనిని చూచుటకు ధనవంతుల యిండ్ల స్త్రీలును వచ్చుచుండిరట. వారు ధర్మమునకు ధనమిచ్చినవారే; అయినను ఆ సంచిలో చేయిపెట్టుచున్న తల్లి తన వణకు చేతిని పట్టుబట్టలవారు చూచుచుండగా ఎట్లోర్చుకొనెనో!

పై యంతస్తులో చిత్రశాల గలదు. అందు హోగార్తు వ్రాసిన కోరమ్ చిత్రపటము నిలువెత్తుగా నున్నది. రాజులవలె పెద్ద స్తంభముల నడుమ కూర్చుండబెట్టియును, తలకు కట్టుడు జుట్టు లేకుండ, తన నెఱసిన వెండ్రుకలతో, ఎఱ్ఱకోటుతో, మన యూరి పెద్దమనిషివలె చిత్రించెను. చేత రాజముద్ర, పాదముల చెంత భూగోళము. హోగార్తునకును సంతానము లేదు. ఆయనయు భార్య జేనును ఈ యాశ్రమపు బిడ్డలను కొందఱిని తమ యింట పెంచిరి. ఇంకొక గోడపై ఆయనదే మఱియొక చిత్రమున్నది. మావారి పట్టికలోని 1745 దిదే! స్టూఅర్టు రాకుమారుడు స్కాట్లండునుండి సైన్యముతో డర్బీవఱకు రాగా, లండనును కాపాడుటకు రాజభటులు బయలుదేరుచున్న దృశ్యము. మావారు సైనికుల దుస్తులను చూపుచుండిరి. మా కన్ను మాత్రము నడుమనున్న యువతిపై నిలిచినది. నిండుగర్భిణి, పోవుచున్న భటుని చేయి పట్టుకొని మొగములోనికి చూచుచున్నది. 1746 ఏప్రిలులో కలోడెన్ యుద్ధముతో తిరుగుబాటు ముగిసెనని చరిత్ర పుస్తకము చెప్పును. ఆ యువతి యేమయ్యెనో చెప్పదు. ఈ చిత్రమునకు 1750 లో లాటరీ వేయగా, మిగిలిన 167 చీట్లు హోగార్తు ఆశ్రమమునకే యిచ్చెను. చిత్రము ఆశ్రమమునకే తగిలినది. ఆమె చేరవలసిన చోటికే చేరినది!

సంగీత విద్వాంసుడు హ్యాండెల్ ఆదరము ఇంకొక యెత్తు. ఆయన రచించిన "మెస్సయ్య" అను గానము 1742 లో డబ్లిను నగరమున మొదట వినిపింపబడినది. నాడు చోటు చాలదని, స్త్రీలు వలయపు లంగాలు మాని రావలెననియు, పురుషులు కత్తులు తేరాదనియు ముందుగా వేడుకొనిరట! 1750 మే మొదటి తేదీన ఆశ్రమపు ప్రార్థనాలయమున ఆ గానమును ఆయనే నడిపెను. జనము పట్టక పలువురు తిరిగిపోయినందున పక్షము దినములలో మరల పాడింపవలసి వచ్చినది. అది మొదలు ఏటేట సాగి, అనాథశిశువులకు ఏడువేల పౌనుల వఱకు సమకూర్చినది. మేడపైగదిలో తోలుకుర్చీలు వేసియున్నవి. వానిలో కూర్చున్నచో చెవికడ హ్యాండెల్ సంగీతము వినబడును. మా పాప అందులోనే నిద్రించినది.

ధర్మకార్యములందును తప్పులు జరుగును. ఆ తప్పులను ఈ మ్యూజియము దాచదు. 1756 లో పార్లమెంటు పదివేల పౌనులిచ్చి, తెచ్చిన బిడ్డనెల్ల చేర్చుకొనవలెనని కట్టడి చేసెను. గుమ్మమున బుట్ట వ్రేలాడదీసి గంట కట్టిరి. బిడ్డను బుట్టలో నుంచి గంట మ్రోగించి పోవచ్చును. జూన్ 2 వ తేదీన, మొదటి దినముననే, 117 మంది వచ్చిరి. దూరపు పల్లెలనుండి గుఱ్ఱములపై గంపలలో పెట్టి తెచ్చుచుండ త్రోవలోనే కొందఱు మరణించిరి. 1760 మార్చిలో ఆ పద్ధతి నిలిపివేయులోపల చేరిన బిడ్డలు 14,934 మంది. సగటున దినమునకు పదిమందికి మించి! ఉన్న పాలదాదులు చాలరు. అందఱలో పెరిగి పనినేర్చు వయసు చేరినవారు సుమారు 4,400 మంది మాత్రమే. అయినను చేతనైన మేలు మానలేదు. పసివారిని పల్లెలలోని పాలదాదుల యిండ్లకు పంపి, అయిదాఱేండ్ల వయసున తిరిగి తెచ్చుచుండిరి. లేడీ మేరీ మాంటేగ్యు అను ఆమె టర్కీదేశమున చూచి, 1721 లో లండనులో తన కూతునకు చేయించిన మశూచి నివారణమును, అనగా పొక్కురసమును స్వల్పముగా చర్మమున నెక్కించు పద్ధతిని, ఈ యాశ్రమము తొలినాళ్లలోనే తన పిల్లలకు చేయించినది. జెన్నరు టీకా అటుపిమ్మట 1796 లో వచ్చినది.

ఈ నాలుగేండ్లలో ఒక్క నెలను మాత్రము తీసి చూపెదము. 1759 ఏప్రిలు. ఆ నెల 8 వ తేదీకి తెల్లవాఱులోపల కర్నల్ ఫోర్డు మన మచిలీపట్టణపు కోటను ఫ్రెంచివారినుండి పట్టుకొనెను; ఉత్తర సర్కారులపై ఇంగ్లీషువారి చేయి పడినది. 14 వ తేదీన లండనులో హ్యాండెల్ కన్నుమూసెను. మరణశాసనమున తన గానపు ప్రతిని ఆశ్రమమునకు వ్రాసియిచ్చెను. 27 వ తేదీన నేతగాండ్ర పేటయగు స్పిటల్‌ఫీల్డ్స్‌లో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ అను ఆడుబిడ్డ పుట్టెను. స్త్రీలకును విద్య కావలెనని 1792 లో గ్రంథము వ్రాసినది ఆమెయే. ఈ మూడు సంగతులును ఎక్కడెక్కడి పుస్తకములలోనో యున్నవి. ఆ నెలలోనే ప్రతిదినమును ఈ గుమ్మమున గంట మ్రోగుచునే యున్నది. అది యే పాఠ్యపుస్తకమునను లేదు.

ఇక గాజుపెట్టె. ఆశ్రమమున చేరగానే బిడ్డకు క్రొత్తపేరు పెట్టి బాప్తిస్మమిత్తురు. తల్లి పేరడుగరు. ఎన్నడైన తల్లి తిరిగివచ్చినచో బిడ్డను గుర్తుపట్టుటకు ఒక ఆనవాలు మాత్రము కాగితముతో చేర్చి భద్రపఱతురు. ధనము కలిగినవారు నాణెముపై పేరు చెక్కించిరి. లేనివారు చేతనున్నది ఇచ్చిరి. ఒకతె ఉంగరము, ఒకతె సగము చించిన పేకముక్క, ఏమియు లేని తల్లి గింజ పెంకు. గాజుపై చేయి పెట్టి నిలిచినపుడు మా తాతగారి పాఠములు జ్ఞప్తికి వచ్చినవి. శకుంతల కన్నవారు విడిచిన బిడ్డయే; ఆమె బ్రతుకును నిలిపినది ఒక ఉంగరము. కుంతి పెట్టెలో నుంచి నదిలో విడిచిన బిడ్డకు కవచకుండలములే ఆనవాళ్లు. అస్త్రవిద్యా ప్రదర్శనము నాడు ఆ కుండలములను చూచియే కదా ఆమె మూర్ఛిల్లినది! ఆ కథ చెప్పునపుడు తాతగారి స్వరము ఎల్లప్పుడు గద్గదమగుచుండెను. ఎందుకో మాకప్పుడు తెలియదు.

నాణెము లేనివారికి, గింజయు లేనివారికి బట్టయే ఆనవాలు. బిడ్డ తొడిగిన చొక్కా చేతినుండియో, తల్లి గౌనునుండియో ఒక ముక్క కత్తిరించి కాగితమునకు సూదితో గుచ్చెడివారు. అట్టి ముక్కలు సుమారు అయిదువేలు లండను పత్రభాండారమున నేటికిని ఉన్నవి. బీదవారి బట్టలు ఎవరు దాతురు? చినిగినదాక కట్టి, చినిగిన పిమ్మట గుడ్డపేలిక చేయుదురు. కాబట్టి ఆనాటి సామాన్య స్త్రీ యేమి ధరించెనో తెలిసికొనుటకు ఇంతకంటె పెద్ద నిధి లేదని పండితులందురు. మేము వాని చిత్తరువులు చూచితిమి. మొగ్గలు, తీవెలు, పక్షులు, ఎఱ్ఱపూలు. చూడగానే "ఇది మన చీటిగుడ్డ గదా!" అని నోట వచ్చినది.

ఆ మాట పూర్తిగా తప్పుగాదు. ఇంగ్లీషువారు మచిలీపట్టణమున 1611 లోనే వర్తకశాల పెట్టిరి. మన తీరమున అద్దిన బట్టలు వారి దేశమున ఎంత మోజు పుట్టించినవనగా, అచటి నేతగాండ్రకు పని పోయినది. 1719 లో స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాండ్రు వీధులలో కాలికో గౌనులు తొడిగిన స్త్రీలను పట్టుకొని బట్టలు చింపి, వానిపై ద్రావకములు చల్లిరి. 1721 లో పార్లమెంటు అట్టి అద్దకపు నూలుబట్టలను ధరించుటనే నిషేధించెను. ధరించినవారికి అయిదు పౌనుల జరిమానా. అప్పుడు వారు నారపడుగున నూలుపేక కలిపి నేసి, మన పూవులను పోలిన పూవులను తామే అచ్చొత్తుట నేర్చిరి. మేము చూచిన ముక్కలలో పెక్కు అట్టివి. బట్ట వారిది, పూవు మనది. పెడనలో నేటికిని కొయ్య అచ్చులతో అద్దెడి చేతులకు ఈ సంగతి తెలిసిన ఎంత వింతపడుదురో!

ఆ ముక్కలలో ఒకదాని చరిత్ర చెప్పక విడువజాలము. సారా బెండర్ అను స్త్రీ 1767 ఫిబ్రవరి 11 వ తేదీన చార్లెస్ అను కొడుకును ఆశ్రమమున విడిచెను. చిన్నచిన్న గుడ్డపేలికలు కలిపి చతురముగా కుట్టి, దానిపై ఎఱ్ఱదారముతో హృదయాకారమును, ఇరువురి పేళ్ల మొదటి అక్షరములను కుట్టెను. ఆ హృదయమును నడిమికి కత్తిరించి, సగము బిడ్డతో నిచ్చి, సగము తానుంచుకొనెను. ఎనిమిదేండ్లు గడచినవి. 1775 జూన్ 10 వ తేదీన ఆ సగము గుడ్డముక్కతో గుమ్మమున నిలిచి, కొడుకును తీసికొనిపోయెను. 1775 అనగానే అమెరికా యుద్ధము మొదలైన సంవత్సరమని మావారి పట్టిక. ఆ దినమున సారాకు ఆ యుద్ధముతో పనియేమి? అయితే ఇట్టి సుఖాంతములు మిక్కిలి యరుదు. 1741 మొదలు 1760 వఱకు చేరిన 16,282 మందిలో తల్లులు తిరిగి తీసికొనిపోయినది 152 మందిని; నూటికొక్కరైన లేరు. మిగిలిన ఆనవాళ్లు పెట్టెలలోనే యుండిపోయినవి. పిల్లలకు వానిని చూపుటయైన లేదు. తమకొఱకు ఒక గింజ పెంకు ఉన్నదని వారికి తెలియనే తెలియదు.

ఈ మాట చదివినపుడు మా కాళ్లు తడబడినవి. ప్రక్కనున్న బల్లపై కూర్చుంటిమి. కారణము చెప్పుటకు సిగ్గులేదు. మమ్ము కన్నతల్లికి మేము నాలుగవ ఆడుబిడ్డ. మూడేండ్ల ప్రాయమున, సంతానములేని ఆమె అక్కగారికి మమ్ము పెంపకమునకిచ్చిరి. పెంచిన పెద్దమ్మను అమ్మా యనియు, కన్నతల్లిని పిన్నీ యనియు పిలుచుట నేర్చితిమి. లోటేమియు లేదు. తాతగారు మమ్ము కూర్చుండబెట్టుకొని చదువు చెప్పినదియు ఆ యింటనే. అయినను నలుగురిలో మమ్మే యేల యిచ్చిరను ముల్లు లోపల నుండిపోయినది. వేసవిలో పిన్ని వచ్చి తల దువ్వబోయినచో ప్రక్కకు జరుగుచుంటిమి. మేము ఆ యిల్లు చేరిన నాడు మాతో వచ్చినది ఒక బొంత. అందు నడుమ కనకాంబరపు రంగు పట్టుముక్క యొకటి కుట్టియుండెను. తక్కినవన్నియు నూలుపేలికలు, అదొక్కటే పట్టు. అది ఆమె పెండ్లిచీర చెఱగని మేమెఱుగుదుము. కాని యెందుకు కత్తిరించెనో ముప్పదేండ్లలో ఎన్నడును ఆలోచింపలేదు. పెండ్లిచీరను ఎవరు ఊరక కత్తిరింతురు? ఆ చీర మిగిలిన సగము నేటికిని ఆమె పెట్టెలో నుండునా?

మావారు ఏమనలేదు. ఆ రాత్రి, మన యింట తెల్లవాఱుచుండ, ఆమెకు ఫోను చేసితిమి. చెప్పదలచిన వాక్యములన్నియు కూర్చుకొంటిమి గాని, ఆమె గొంతు వినగానే అన్నియు మఱచి, "అమ్మా" అని మాత్రము అంటిమి. ఆవల కొంతసేపు మాటలేదు. పిమ్మట, "అన్నం తిన్నావా తల్లీ?" అని యడిగెను. చీర సంగతి అడుగలేదు. అడుగవలసిన పని లేకపోయినది.

మఱునాడు పాప కోరికపై మరల ఆ పచ్చికబయలునకు పోయితిమి. ఎండ కాయుచున్నది. స్తంభముల నీడలో, ఒకప్పుడు ముసలి కోరమ్ కూర్చుండెడి వట్టున, తల్లులు వరుసగా కూర్చుండి తమ బిడ్డల చెప్పులు, చొక్కాలు, నీళ్ల సీసాలు కాచుచున్నారు. అన్ని దేశముల తల్లులు. అన్ని రంగుల బిడ్డలు. గంట మ్రోగించి విడిచిపోయిన నేలపై నేడు బిడ్డ చేయి విడిచినచో పెద్దలకు ప్రవేశమే లేదు! మావారు జేబునుండి పట్టిక తీసి, 1775 కడ, అమెరికా యుద్ధము క్రింద, "జూన్ 10: సారా బెండర్ కొడుకును తీసికొనిపోయెను" అని వ్రాసికొనిరి. ఈ యేడు ఆ పాఠము చెప్పునపుడు పిల్లలకు ఈ సంగతియు చెప్పుదునని మాకు మాట యిచ్చిరి.

సోదరీమణులారా! మీ యింట పాతపెట్టెలలో నున్న వెలలేని వస్తువులను, ఒక గాజునో, ఒక గౌనుముక్కనో, పారవేయుటకు ముందు ఇంటి పెద్దవారినొకమాఱు అడిగి చూడుడు. అది యెవరి ఆనవాలో!